ఒకే దుబ్బు, మూడు మడులు

వాషింగ్టన్ కార్నెగీ సంస్థ 1948లో అచ్చువేసిన ఒక పుస్తకంలో ఒక బొమ్మ ఉంది. జీవపరిణామం చదువుకున్నవాళ్లు దాన్ని ఏదో ఒక పాఠ్యపుస్తకంలో చూసే ఉంటారు. అడుగున కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా పర్వతాల అడ్డకోత ఉంటుంది. పడమటి వాలు మెల్లగా లేస్తుంది, శిఖరాలు దాటగానే తూర్పు వాలు ఒక్కసారిగా దిగిపోతుంది. ఆ గీత పొడుగునా మేథర్, టెనాయా చెరువు, టువాలమీ మెడోస్ లాంటి పేర్లు. ప్రతి పేరుకీ పైన ఎండబెట్టిన మొక్క ఒకటి నిలబడి ఉంటుంది. కింది వాలుమీద ఉన్నవి పొడుగు, పైకి పోయేకొద్దీ పొట్టి, శిఖరం దగ్గర మరీ గిడస, తూర్పుకు దిగితే మళ్లీ కాస్త ఎత్తు.

చలిలో మొక్క గిడసబారడంలో వింతేముంది అనిపిస్తుంది. వింత ఏమిటంటే, ఆ మొక్కల్లో ఒక్కటీ కొండమీద పెరగలేదు. ఆయా చోట్ల విత్తనం ఏరి తెచ్చి, అన్నింటినీ స్టాన్‌ఫర్డ్‌లో, సముద్రమట్టానికి కేవలం 30 మీటర్ల ఎత్తున, ఒకే తోటలో పెంచారు. అదే మట్టి, అదే ఎండ, అదే వాన. అయినా కొండకొమ్ము విత్తనం పొట్టిగానే లేచింది. అంటే ఆ పొట్టితనం చలి పెట్టిన రూపం కాదు, పుట్టుకతో వచ్చింది.

ఈ బొమ్మలోని మొక్క అకిల్లియా లనులోసా. ఇంగ్లీషువాళ్లు యారో అంటారు. మన ఊళ్లలో హోమియో మందుల దుకాణాల్లో ‘మిల్లిఫోలియం’ అని రాసి ఉండే సీసాలోకి వచ్చేది దీని దగ్గరి చుట్టమే.

ఒక్కో మొక్క పక్కన ఒక్కో గంట ఆకారపు వక్రరేఖ ఉంటుంది. పాఠ్యపుస్తకాల నకళ్లలో తరచు మాయమయ్యేది ఇదే. అసలు పనితనమంతా అక్కడే ఉంది. ఒక చోటు నుంచి తెచ్చిన విత్తనాల్లో ఎన్ని మొక్కలు ఎంత ఎత్తు పెరిగాయో ఐదేసి సెంటీమీటర్ల అంతస్తులుగా విడగొట్టి ఆ రేఖ గీశారు. సగటు ఎత్తు ఎక్కడుందో చిన్న బాణం చూపిస్తుంది. పక్కన నిలబెట్టిన ఎండు మొక్కను అందంగా ఉందనో, బాగా పెరిగిందనో ఎంచలేదు. సరిగ్గా సగటు ఎత్తున్న మొక్కను వెతికి పెట్టారు. కొన్ని రేఖల కుడిపక్కన చిన్న అంకెలు ఉంటాయి, అవి అసలు పూయకుండానే ఉండిపోయిన మొక్కల లెక్క. ఎత్తులు స్కేలు ప్రకారమే వేశామనీ, అడ్డదూరాలు మాత్రం కావనీ కింద చెప్పేశారు. పూయని మొక్కలను లెక్కలోంచి తీసేసి ఉంటే రేఖలు మరింత చక్కగా కనిపించేవేమో. వాళ్లు తీయలేదు.

రేఖలు ఒకదానిమీదికి ఒకటి పాకుతాయి. పై ఊరి పొడుగు మొక్క కింది ఊరి పొట్టి మొక్కకంటే ఎత్తుగా ఉండవచ్చు. ‘కొండ రకం’, ‘మైదానపు రకం’ అని రెండు డబ్బాల్లో సర్దేసే వీలు లేకుండా, ప్రతి జనాభాలోనూ ఇంత తేడా ఉందని చూపిస్తూనే, సగటు మాత్రం కొండ వాలుతో పాటే దిగుతుందని చూపించారు. ఒక్క బొమ్మలో ఈ రెండు మాటలూ ఒకదాన్నొకటి చెరపకుండా నిలబడటం నేను శాస్త్రగ్రంథాల్లో అరుదుగా చూశాను.

ఈ పని చేసినవాళ్లు ముగ్గురు. యెన్స్ క్లాసెన్ డెన్మార్క్ రైతుబిడ్డ, 1891లో పుట్టాడు. వయొలా మొక్కల క్రోమోజోములమీద పనిచేసి పేరు తెచ్చుకుని, 1931లో కార్నెగీ సంస్థకు వచ్చాడు. డేవిడ్ కెక్ వర్గీకరణ శాస్త్రవేత్త, ఆకుమీది నూగు చూసి మొక్క పేరు చెప్పగలవాడు. విలియం హీసీది శరీరధర్మశాస్త్రం. ఒకరు మొక్క లోపలి జన్యువులను, ఒకరు బయటి రూపాన్ని, ఒకరు దాని నడతను చూసేవాళ్లు. అసలు పునాది వేసింది మాత్రం హార్వీ మన్రో హాల్. సియెర్రాలో మొక్కలు మార్చి నాటే పని 1920ల్లోనే ఆయన మొదలుపెట్టాడు. క్లాసెన్‌ను పిలిపించిందీ ఆయనే. 1932లో ఆయన చనిపోయాక పని ఈ ముగ్గురి చేతికి వచ్చింది.

వాళ్లకు దక్కిన ప్రశ్న కొత్తది కాదు. ఒకే జాతి మొక్క సముద్రపు ఒడ్డునా ఉంటుంది, కొండకొమ్మునా ఉంటుంది. రూపం వేరు, పూసే కాలం వేరు. ఆ తేడా చోటు తెచ్చిపెట్టిందా, వంశం తెచ్చిపెట్టిందా? ఫ్రాన్సులో గాస్తాన్ బొనియే పందొమ్మిదో శతాబ్దం చివర్లోనే ఒక మొక్కను రెండుగా చీల్చి ఒక ముక్క మైదానంలో, ఒక ముక్క ఆల్ప్స్‌లోనో పిరెనీస్‌లోనో నాటాడు. మైదానపు జాతులు కాలక్రమంలో కొండజాతులుగా మారిపోయాయని 1920లో ప్రకటించాడు కూడా. అమెరికాలో ఫ్రెడరిక్ క్లెమెంట్స్ కొలరాడో కొండల్లో అలాంటి మాటే చెప్పాడు. ఈ క్లెమెంట్స్ మరెవరో కాదు, 1923లో హాల్‌తో కలిసి పుస్తకం రాసినవాడు! ఆస్ట్రియాలో కెర్నర్ మాత్రం అంతకు ముందే, 1870ల్లో, టైరోల్ పర్వతాల్లో రెండువేల మీటర్లకు పైన తోట వేసి చూసి, అనువంశికంగా ఏమీ మారలేదని తేల్చాడు.

స్వీడన్‌లో గోటె తురెసన్ ఇంకో దారి పట్టాడు. ఇసుకదిబ్బల మీది మొక్కనూ, సముద్రపు రాతిగట్టు మీది మొక్కనూ తెచ్చి ఒకే తోటలో పక్కపక్కన పెంచాడు. తోటలోకి వచ్చాక కూడా చాలావరకు అవి తమ తేడాలను వదులుకోలేదు. 1922లో ఈ స్థానిక రకాలకు ‘ఇకోటైప్’ అని పేరు పెట్టాడు.

ఒక మొక్కను పలుచోట్ల నాటితే, చోటు దాన్ని ఎంత మార్చగలదో తెలుస్తుంది. పలుచోట్ల మొక్కలను ఒక తోటలో నాటితే, వాటి పుట్టుక తేడా తెలుస్తుంది. స్టాన్‌ఫర్డ్ ముగ్గురూ ఈ రెండు ప్రశ్నలనూ ఒకే ప్రయోగంలో అడిగారు: పలుచోట్ల మొక్కలను, ప్రతిదాన్నీ ముక్కలు చేసి, పలు తోటల్లో నాటడం. వాళ్ల సొంతం అనదగ్గ ఊహ ఈ కూర్పే. చీల్చడం బొనియేది, తోట తురెసన్‌ది. వీళ్లకు ఇంకొకటి కూడా ఉంది: ఏళ్ల తరబడి అదే మొక్కను వదలకుండా పట్టుకోగల ఓపిక, దానికి డబ్బిచ్చే సంస్థ.

మూడు తోటలు ఎంచుకోవడంలోనే ఎంతో ఆలోచన ఉంది. మొదటిది స్టాన్‌ఫర్డ్, 30 మీటర్లు. చలికాలం వాన, గడ్డకట్టని చలి, ఎండాకాలం చుక్క పడదు. రెండోది మేథర్, యొసెమిటీ అడవి అంచున, 1400 మీటర్లు. చలికాలం మంచు, ఎండాకాలం పొడి వేడి. మూడోది టింబర్‌లైన్, చెట్లు ఆగిపోయే ఎత్తు, టయోగా కనుమకు ఆవల, 3050 మీటర్లు. అక్కడ మొక్కకు దొరికేది ఏడాదికి రెండు నెలల పైచిలుకు కాలమే. ఆ రెండు నెలల్లోనూ ఏ రాత్రయినా నీరు గడ్డకట్టవచ్చు. మూడూ ఇంచుమించు 38వ ఉత్తర అక్షాంశానికి దగ్గరగానే ఉన్నాయి. దానివల్ల పగటి పొడవు మూడు చోట్లా ఒకటే. పగటి పొడవును చూసి పూయాలా వద్దా అని నిర్ణయించుకునే మొక్కలు ఎన్నో ఉన్నాయి గనక, ఉత్తరానికో దక్షిణానికో తోట జరిపి ఉంటే ఏ తేడా చలివల్ల వచ్చిందో, ఏది పగటివల్ల వచ్చిందో తేల్చడం కష్టమయ్యేది.

బే ఏరియాలో ఉండే తెలుగువాళ్లు వేసవి సెలవుల్లో 120వ నంబరు రోడ్డు పట్టుకుని గ్రోవ్‌లాండ్ మీదుగా యొసెమిటీ వెళ్లి, టెనాయా చెరువు దగ్గర ఫొటోలు దిగి, టయోగా కనుమ దాటి లీ వైనింగ్‌లో దిగుతారు. ప్రయోగం నడిచిన దారి దాదాపు అదే. చలికాలంలో మంచుకు ఆ రోడ్డు మూసేస్తారు. టింబర్‌లైన్ తోటకు చలికాలమంటే ఏమిటో చెప్పడానికి ఆ మూసిన గేటు చాలు.

ఇక చీల్చడం సంగతి. వాళ్లు బాగా పనిచేయించుకున్న మొక్క పొటెంటిల్లా గ్లాండులోసా. రోజా కుటుంబానికి చెందిన చిన్న బహువార్షికం, నేల దగ్గర దుబ్బుకట్టి పిలకలు వేస్తుంది. పిలకలు విడదీసి నాటడం మన రైతుకు ఎవరూ నేర్పక్కర్లేని పని. ఒక మొక్క పిలకలన్నీ ఒకే జన్యువుల మూట. ఒక పిలక స్టాన్‌ఫర్డ్‌లో, ఒకటి మేథర్‌లో, ఒకటి టింబర్‌లైన్‌లో నాటితే, ఒకే ప్రాణి ఒకే సమయంలో మూడు వాతావరణాల్లో బతుకుతున్నట్టే. అప్పుడు మూడు చోట్లా కనిపించే తేడా చోటుదే, ఇంకొకరిమీద నెట్టే వీల్లేదు. కంసాలి ఒకే బంగారాన్ని గీటురాయిమీద గీసినట్టు, ఒకే వంశాన్ని మూడు రాళ్లమీద గీశారు.

ఈ జాతిలోని స్థానిక రకాలు ఒక్కోటి ఒక్కోలా జవాబిచ్చాయి. తీరం దగ్గరి కొండల రకం స్టాన్‌ఫర్డ్‌లో చలికాలమంతా పచ్చగా పెరుగుతూనే ఉంటుంది, నిద్రపోవడం దానికి తెలియదు. అదే మొక్క పిలకను మేథర్‌లో పెడితే చలికి ఆగుతుంది, మళ్లీ లేస్తుంది. టింబర్‌లైన్‌కు తీసుకెళ్తే బతకదు. ఎత్తు ప్రదేశాల రకమైన నెవడెన్సిస్ అక్కడ మంచు కరగ్గానే పరుగులాంటి పెరుగుదలతో పూసి, విత్తనం పండించి, మళ్లీ మంచు పడేలోపు పని ముగించుకుంటుంది. దాన్ని స్టాన్‌ఫర్డ్‌కు దింపితే, గడ్డకట్టే చలి లేకపోయినా చలికాలం రాగానే నిద్రలోకి పోతుంది. పక్కమడిలో తీరపు రకం ఆకులు వేస్తుంటే, అదే నేలలో ఇది ముడుచుకుని కూచుంటుంది. ఒక రకానికి కాలం బయట నడుస్తోంది, ఇంకో రకానికి లోపల.

అందరూ దాటేసే సంగతి ఒకటి ఇక్కడే ఉంది. నెవడెన్సిస్ అన్నిటికంటే ఎత్తుగా పెరిగేది సొంత చోటైన టింబర్‌లైన్‌లో కాదు, మధ్య ఎత్తున్న మేథర్‌లో. అక్కడ కాలం పొడుగు, చలి కూడా దానికి సరిపోయేంత ఉంది. మరి ఇది మేథర్ మొక్క ఎందుకు కాలేదు? పొడుగ్గా పెరగడం, ఒక చోట నిలదొక్కుకోవడం వేరువేరు విషయాలు. ఎక్కడ బాగా పెరుగుతుందన్నది ఒక లెక్క. ఎక్కడ ప్రతి ఏడాదీ విత్తనం పండించుకుని, పక్కవాళ్లను తట్టుకుని ఉండగలదన్నది ఇంకో లెక్క. తోట మొదటిదే చెబుతుంది.

బొనియే, క్లెమెంట్స్ చెప్పిన ‘జాతి మారిపోవడం’ సంగతేమిటి? ఏళ్ల తరబడి కాపలా కాసినా అలాంటిదేదీ తమ తోటల్లో కనిపించలేదని 1940లో వచ్చిన వాళ్ల మొదటి పెద్ద గ్రంథం చెప్పింది. వేరే చోట నాటిన మొక్క పొట్టి అవుతుంది, ఆకు చిన్నదవుతుంది, కానీ తన వంశపు గుర్తు వదలదు. పాత ప్రయోగాల్లో ఏం జరిగి ఉంటుందో కూడా ఊహించవచ్చు: కంచె సరిగా లేని కొండతోటలో నాటిన మొక్క చచ్చిపోతుంది, చుట్టుపక్కల స్థానిక జాతి విత్తనం అదే గుంటలో మొలుస్తుంది, కొన్నేళ్లకు వచ్చి చూసినవాడికి ‘మారిపోయిన’ మొక్క కనిపిస్తుంది. కార్నెగీ తోటల్లో ప్రతి మొక్కకూ అంకె, ఏటా కొలత, ఫొటో, హెర్బేరియం నమూనా. పేరు పొందిన ఒక సిద్ధాంతాన్ని కూల్చింది గొప్ప వాదన కాదు, ఈ పలకలూ కంచెలూ కలుపు తీతా. తోటమాలి పనికి శాస్త్రచరిత్రలో ఇంత ఫలం దక్కిన సందర్భాలు ఎక్కువేమీ లేవు.

తరువాతి అడుగు నాకు మరింత సాహసంగా కనిపిస్తుంది. కొండ దిగువ రకాన్ని నెవడెన్సిస్‌తో సంకరం చేశారు. రెండో తరంలో ఐదు వందలకు పైగా మొక్కలు పెంచి, మళ్లీ ప్రతి ఒక్కదాన్నీ మూడుగా చీల్చి మూడు తోటల్లో నాటారు. ఒక జనాభాలోని ప్రతి ప్రాణికీ మూడు జీవితాలు ఇవ్వడం అన్నమాట. ఈ పని ఫలితాలు 1958లో క్లాసెన్, హీసీ పేరుమీద వచ్చాయి. రేకుల రంగు, వెడల్పు, గింజ బరువు, కాడ పొడవు, చలికాలపు నిద్ర, పూసే వేళ: ఏదీ ఒక్క జన్యువు చేతిలో లేదు. ఒక్కో గుణానికి పలు జన్యువులు, అవి కొంత కలిసి కదులుతాయి, పూర్తిగా కాదు. ఒక తోటలో దిట్టంగా ఉన్నది ఇంకో తోటలో చచ్చిపోయింది. మరికొన్ని తాతముత్తాతలకు చేతకానిది చేసి, మూడు చోట్లా నిలిచాయి. కొండకొమ్ము మొక్కకూ మైదానపు మొక్కకూ మధ్య గోడ లేదు, ఒకే సామాను వేర్వేరుగా పేర్చుకున్నారంతే. అందుకే ఆ రెండూ ఒకే జాతి.

యారో సంగతి కాస్త చిక్కు. తీరం వైపు యారోల్లో 54 క్రోమోజోములు, సియెర్రా యారోల్లో 36. మూలసంఖ్య 9 గనక ఆరు సెట్లు, నాలుగు సెట్లు. ఈ సంఖ్యే ఎత్తుకు కారణమనుకోవడం తేలిక. కానీ మైదానం అంచు పొడుగు మొక్కకూ శిఖరం గిడసమొక్కకూ 36 ఒకటే. క్రోమోజోముల సంఖ్య జాతులను విడదీసింది, వాతావరణానికి సర్దుబాటు మాత్రం ఆ సంఖ్య లోపల జరిగింది. క్లాసెన్ క్రోమోజోములు లెక్కపెట్టే విద్యలో ఆరితేరినవాడు. తన విద్యకు దక్కాల్సిన దానికంటే ఎక్కువ ఘనత ఇవ్వకుండా ఆగడం కూడా పనితనమే.

ఈ పుస్తకాల ప్రభావం త్వరగానే పాకింది. 1950లో లెడ్యార్డ్ స్టెబిన్స్ మొక్కల పరిణామంమీద రాసిన గ్రంథానికి ఇవి వెన్నుదన్ను. మేథర్‌కు వేసవుల్లో ఈగలు పట్టుకోవడానికి వచ్చే థియొడోసియస్ డొబ్జాన్‌స్కీ కూడా వీళ్ల తోటల పక్కనే పనిచేసేవాడు. పండ్ల ఈగల జన్యుశాస్త్రం, పొటెంటిల్లా జన్యుశాస్త్రం ఒకే అడవి శిబిరంలో పొరుగు కావడం యాదృచ్ఛికమేమీ కాదు, ఆ కాలపు ప్రశ్న ఇద్దరిదీ ఒకటే.

లోపాలు లేవా? ఇప్పటి విద్యార్థి ఈ పేజీలు తిప్పితే గణాంక పరీక్షల కోసం వెతుక్కుంటాడు, పెద్దగా దొరకవు. కంటితో చూడు, కొలత చూడు అన్నట్టు ఉంటుంది వాళ్ల ధోరణి. దాన్ని నేను అంత తప్పుపట్టను; ఒక పిలక బతికి ఇంకో పిలక చచ్చాక సంభావ్యత లెక్క కట్టక్కర్లేదు. అసలు లోటు వేరే ఉంది. తోటలో కలుపు తీశారు, మొక్కలను దూరందూరంగా నాటారు. పోటీ లేదు. అంతకంటే ముఖ్యంగా, నాటింది పెరిగిన పిలకను. కొండమీద మొక్కకు అసలు గండం మొలక దశలో, మొదటి ఎండాకాలంలో, మొదటి చలికాలంలో ఉంటుంది. పిలక ఆ గండం తప్పించుకుని తోటలోకి వచ్చింది. చీల్చడం వల్ల జన్యువులు ఒకటేనని తెలిసింది, కానీ అదే చీల్చడం వల్ల పసితనపు పరీక్ష తప్పిపోయింది. ఏ ప్రయోగానికైనా దాని బలమే దాని హద్దు ఎలా అవుతుందో చూడటానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తట్టదు.

క్లాసెన్ 1969లో పోయాడు. 1971లో హీసీ, మాల్కమ్ నాబ్స్, ఒల్లె బ్యోర్క్‌మన్ కలిసి ఈ వరసలో అయిదో గ్రంథం తెచ్చారు. ఈసారి మొక్క మిమ్యులస్. దిగువన ఎర్ర పూల కార్డినాలిస్, ఎగువన గులాబీరంగు లూయిసీ. తోటలు అవే మూడు, చీల్చే పద్ధతి అదే. కొత్తగా చేరింది ఆకు కిరణజన్య సంయోగక్రియ వేగాన్ని కొలిచే పరికరం. దుబ్బు ఎంత ఎత్తు పెరిగిందో చూడటం నుంచి ఆకు ఎంత వేడిలో ఎంత పనిచేస్తుందో చూడటం దాకా వచ్చారు. ఆ తరువాత 2005లో ఎమీ ఆంగెర్ట్, డగ్లస్ షెమ్‌స్కీ ఇదే జంట మిమ్యులస్‌లను తీసుకుని, సియెర్రాలో వేర్వేరు ఎత్తుల్లో, తోటలో కాకుండా సహజ స్థలాల్లోనే నాటి, ఏది బతికిందీ, ఏది పూసిందీ, ఏది విత్తనం పెట్టిందీ లెక్క తీశారు. తన పరిధి దాటి బాగా పైకో కిందికో పోయేసరికి రెండు జాతులూ తేలిపోయాయి. కార్డినాలిస్‌కు పై ఎత్తు పనికిరాలేదు, లూయిసీకి కింది ఎత్తు.